రెండోసారి మునగాలా?

పోయిన వారం నన్ను బఠాణీల పళ్ళెంతో మా వరండా గుమ్మంలో నిలబెట్టి వెళ్ళిపోయారు. "ఆగండి, నేనొక మాట చెప్పాలి" అన్నానో లేదో పేజీ అయిపోయింది. ఏడు రోజులు ఆగారు కాబట్టి ఇంకో రెండు నిమిషాలు ఆగండి. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళకోసం జరిగింది ఒకసారి చెప్పుకుందాం.

నేను సత్యవతిని. మా ఆయన జోజి స్టీల్ ప్లాంట్ కోక్ ఓవెన్స్‌లో ముప్పై ఏడేళ్ళు పనిచేసి నిరుడు రిటైరయ్యారు. ఆయన ప్రాణస్నేహితుడు హార్వే. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో చేరారు, ఒకే షాపులో, అంటే ప్లాంట్‌లో ఒకే విభాగంలో, పనిచేశారు, సెక్టర్ 6లో ఒకే వీధిలో క్వార్టర్లు. హార్వే కొడుకు ఇమ్మానుకీ మా అమ్మాయి జెన్నీకీ పెళ్ళి కుదిరింది. నేను హార్వేని అన్నయ్యా అని పిలుస్తాను కాబట్టి మేనల్లుడే అల్లుడవుతున్నాడు, వరస కూడా కలిసింది. పెళ్ళి ఇరవై రెండు రోజుల్లో ఉంది. శుభలేఖ ప్రూఫ్ వచ్చి మా ఫ్రిజ్ మీద పడి ఉంది. అందులో ఒక్క లైను ఖాళీ. పెళ్ళి జరిపించే పాస్టరుగారి పేరు ఉండవలసిన లైను అది.

ఎందుకు ఖాళీ అంటే, మా సంఘంలో బాప్తిస్మం ఇచ్చేటప్పుడు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ముగ్గురి పేరా ముంచుతారు. హార్వే అన్నయ్య పెద్దగా ఉన్న సంఘంలో ఒక్క యేసు పేరునే ముంచుతారు. దేవుడు ఒక్కడే, అయితే ముగ్గురుగా ఉన్నాడు అని మావాళ్ళు. ముగ్గురూ లేరు గిగ్గురూ లేరు, తండ్రీ యేసే, ఆత్మా యేసే, దేవుడంటే పూర్తిగా ఆయనే అని వాళ్ళు. బయటివాళ్ళకి ఇదంతా ఆవగింజంత తేడా. మా రెండిళ్ళకీ మాత్రం ఇది పెళ్ళి జరగడమా మానడమా అన్నంత తేడా. వాళ్ళ సంఘం నియమం ప్రకారం కోడలిగా వచ్చే పిల్ల మళ్ళీ మునగాలి, ఈసారి ఒక్క పేరుతో. మా ఆయన ససేమిరా అన్నారు. పదిహేడో ఏట మా జెన్నీ మనసారా తీసుకున్న బాప్తిస్మం ఉత్తుత్తిదని దానిచేతే ఒప్పిస్తారా అని ఆయన బాధ.

ఈ వాదన నిన్నా మొన్నటిది కాదు. సైకిళ్ళ మీద మొదలైంది. ఫస్ట్ షిఫ్ట్ అయితే తెల్లవారుజామున ఐదింటికే ఇద్దరూ పక్కపక్కన సైకిళ్ళు తొక్కుకుంటూ, దేవుడు ముగ్గురా ఒక్కడా అని అరుచుకుంటూ ప్లాంట్ గేటు దాకా వెళ్ళేవారు. గేటు దగ్గర నోళ్ళు మూసేవారు. లోపల బ్యాటరీ మీద, అంటే బొగ్గు కాల్చే పొయ్యిల వరస మీద, ఆ వేడిలో మాట జారితే మనిషి జారతాడని వాళ్ళ నియమం. షిఫ్ట్ దిగి గేటు దాటగానే, పొద్దున ఆపిన మాట దగ్గర్నుంచే మళ్ళీ మొదలు.

నాకు ఈ గొడవ మొదట్లో అర్థమయ్యేది కాదు. మాది హిందువుల ఇల్లు. మా నాన్న శంకరరావు చరోదా రైల్వే యార్డులో గార్డుగా చేశారు. మా అమ్మ పూజ చేసుకునే పటంలో ముగ్గురు దేవుళ్ళుండేవారు, ముగ్గురూ ఒకటేనే అనేది. పెళ్ళైన కొత్తలో ఒకసారి నేను ఆ మాటే వీళ్ళిద్దరి ముందూ అన్నాను. "అది వేరు, ఇది వేరు" అని ఇద్దరూ ఒక్కసారే అన్నారు. ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరి మాటా కలవడం నేను చూసింది అదొక్కసారే.

సరే, ఇక శనివారం సాయంత్రం నాలుగింటికి మా వరండాకి వద్దాం.

"ఒకే మనిషివి. ఇంట్లో నాన్నవి, షాపులో చార్జ్‌మన్‌వి, సంఘంలో పెద్దవి. ముగ్గురు జోజిలు ఉన్నారేటి?" అని హార్వే అన్నయ్య.

"మరి సిలువకి ముందు రాత్రి యేసు గెత్సేమనే తోటలో మోకాళ్ళ మీద పడి ఎవరికి మొర పెట్టుకున్నాడురా? చార్జ్‌మన్ జోజి ఇంట్లో ఉన్న జోజికి దరఖాస్తు పెట్టుకున్నాడా?" అని మా ఆయన.

"నువ్వు ఆయన్ని మూడో వంతు దేవుణ్ణి చేసీస్తన్నావు."

"నువ్వు ఆయనకి తండ్రి లేకుండా చేసీస్తన్నావు."

చూశారా, ఇద్దరూ ఆయన పరువు కోసమే కొట్లాడుతున్నారు. ఆయనేమో పైనుంచి చూస్తూ ఊరుకున్నాడు. నాకు మాత్రం ఆ రోజు ఊరుకోబుద్ధి కాలేదు. మా జెన్నీ నెల రోజులుగా తిండి సరిగ్గా తినడం లేదు. పొద్దున్నే ఎవరో స్నేహితురాలింటికని వెళ్ళిపోయింది, ఈ వాదన వినలేక వెళ్ళిందని నాకు తెలుసు. అందుకే పళ్ళెం కింద పెట్టి, ఆగండి అన్నాను.

ఇద్దరూ ఆగారు. నేను వాళ్ళ మధ్య మాట్లాడితే టీ తాగుతారా అని అడగడానికే కదా, ఇద్దరూ గ్లాసుల కోసం చూశారు.

"టీ కాదు," అన్నాను. "ఏమండీ, నా బాప్తిస్మం ఎవరిచ్చారు?"

"అదేటి ప్రశ్న, వీడే కదా ఇచ్చేడు," అన్నారు మా ఆయన. "పాస్టరుగారు వస్తున్న బండి ఎక్కడో ఆగిపోయింది. నేను డ్యూటీలో ఇరుక్కుపోయేను. అప్పటికి వీడు మన సంఘంలోనే పెద్ద."

"ఏ పేరుతో ఇచ్చారు?"

హార్వే అన్నయ్య మొహం చూడాలి మీరు. అరవై ఒక్క ఏళ్ళ మనిషి, బడిలో దొరికిపోయిన పిల్లాడైపోయాడు.

"చెల్లీ," అన్నాడు నెమ్మదిగా. "నీకు గుర్తున్నాదా?"

గుర్తుండకేం. ముప్పై నాలుగేళ్ళ కిందట, శివనాథ్ నది, శనివారం పొద్దున పది గంటలు. సోమవారం మా పెళ్ళి. బాప్తిస్మం లేనిదే సంఘంలో పెళ్ళి చెయ్యరు, ఇంకో వారం ఆగితే మా నాన్న మనసు మార్చుకుంటాడు. నడుం లోతు నీళ్ళలో నేనూ హార్వే అన్నయ్యా. ఒడ్డున అన్నయ్య భార్య వెరోనికా వదినా, ఇంకో ఇద్దరు ముసలమ్మలూ. అన్నయ్య చెయ్యి పైకెత్తి, యేసుక్రీస్తు నామంలో నీకు బాప్తిస్మం ఇస్తున్నాను అన్నాడు. అంతే అన్నాడు. తండ్రి పేరు లేదు, ఆత్మ పేరు లేదు. అప్పటికే ఆయన ఆ కొత్త బోధ గుట్టుగా వింటున్నాడని, మరో మూడు నెలల్లో మా సంఘం వదిలి వెళ్ళిపోతాడని ఎవరికి తెలుసు. ముసలమ్మలకి ఆ తేడా పట్టలేదు. నాకసలే తెలియదు. మునిగాను, లేచాను, హాయిగా ఉంది. అంతే.

ఐదేళ్ళ తర్వాత ఒకరోజు వంకాయలు వేయిస్తుంటే, ఇదే వరండాలో వీళ్ళు బాప్తిస్మం మాటల గురించి కొట్లాడుకోవడం విన్నాను. ముగ్గురి పేర్లూ చెప్పకపోతే అది బాప్తిస్మమే కాదు, ఉత్త స్నానం అన్నారు మా ఆయన. నా చేతిలో గరిటె ఆగిపోయింది. అంటే నాది ఉత్త స్నానమా? చెబితే ఏమవుతుంది? నన్ను మళ్ళీ ముంచుతారు, అది పరవాలేదు. కాని హార్వే అన్నయ్య మొహం ఈయన జన్మలో చూడరు. వంకాయలు మాడిపోయాయి, నేను చెప్పలేదు.

అప్పటి నుంచీ, బాప్తిస్మం ఉన్నవాళ్ళకే రొట్టే ద్రాక్షరసమూ ఇచ్చే ప్రభువు బల్ల రోజు నెలకోసారి వస్తుంటే నాకు భయం. సంఘపెద్దగా ద్రాక్షరసం గిన్నెల పళ్ళెం పట్టుకుని వరసగా వచ్చేది మా ఆయనే. ఆయన చేత్తో నాకు అందించేవారు. నేను తీసుకునేదాన్ని. మొగుడి చేతిలోంచే దొంగతనం చేస్తున్నట్టు ఉండేది.

ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఆఖర్న, "మీ లెక్కలో నాది బాప్తిస్మమే కాకపోతే, నేను మీ సంఘంలో ఎవర్ని? మన పెళ్ళేంటి?" అని అడిగాను. నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళు దాచుకున్న ఏడుపు కదా, కొంచెం ఎక్కువే వచ్చింది.

మా ఆయన పళ్ళెం దగ్గరికి లాక్కుని బఠాణీలు ఒలవడం మొదలుపెట్టారు. గింజలు చెత్తలోకీ తొక్కలు గిన్నెలోకీ వేస్తున్నారు.

నా కోపం ఇంకోవైపు తిరిగింది. "అన్నయ్యా, నువ్వెందుకు చెప్పలేదు? ఇన్నేళ్ళు ఈయనతో వాదించావు. ఈ ఒక్క మాట అని ఉంటే ఆ రోజుతో గెలిచేవాడివి. నీ పెళ్ళానికే మా బాప్తిస్మం ఇచ్చేను అంటే ఈయన నోరు లేచేదా?"

"లేవదు," అన్నాడు అన్నయ్య. "నాలుక చివరిదాకా వచ్చీసింది చాలాసార్లు. ఒకసారి గేటు దగ్గర వీడు నన్ను పదిమందిలో దుర్బోధకుడు అన్నాడు. ఆ రోజయితే నోరు తెరిచీసేను కూడా."

"మరి?"

"గెలిచి ఏటి చేసుకుంటాను చెల్లీ? మర్నాడు మళ్ళీ వీడితోనే కదా సైకిలు తొక్కాలి."

అలా అని కండువాతో మొహం తుడుచుకున్నాడు. నేను ఈ మనిషిని నెల రోజులుగా మనసులో ఎన్ని తిట్టానో ఆ దేవుడికే తెలుసు. ముగ్గురైతే ముగ్గురికీ తెలుసు.

అప్పుడు మా ఆయన, గింజల వైపే చూస్తూ, "నాకు తెలుసు," అన్నారు.

"ఏటి తెలుసు?" అన్నాడు అన్నయ్య.

"ఆ రోజు నువ్వేటన్నావో తెలుసు. నేను విన్నాను."

"నువ్వెక్కడున్నావురా? నీ తర్వాత షిఫ్ట్‌కి రావలసిన రిలీవర్ రాలేదు, నువ్వు రెండింటిదాకా బ్యాటరీ మీదే ఉన్నావు."

"రిలీవర్ ఎనిమిదిన్నరకి వచ్చీసేడు," అన్నారు. "నైట్ షిఫ్ట్ బట్టలతోనే సైకిలెక్కి దుర్గ్ మీదుగా తిన్నగా నది దగ్గరికి వచ్చేను. తుమ్మచెట్టు కింద సైకిలు ఆపేను. అప్పుడే నువ్వు చెయ్యెత్తేవు. గాలి ఇటు కొడతన్నాది, ప్రతి మాటా వినిపించింది. ఆపుదామని నోరు తెరిచేను."

"మరెందుకు ఆపలేదు?" అని నేనే అడిగాను.

అప్పుడు తలెత్తి నన్ను చూశారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో మా ఆయన నన్ను అలా చూసింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆయన ప్రేమ ఎప్పుడూ కూరగాయల సంచీలోనే కనిపిస్తుంది కాని మాటలో కనిపించదు.

"నువ్వు అప్పటికే నీళ్ళలోంచి లేచీసేవు," అన్నారు. "నీ మొహం చూసేను. అంత వెలుగు నేను మనిషి మొహంలో చూడలేదు సత్యా. అది చూసేక, ఆ బాప్తిస్మం చెల్లదు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయేను. అక్కడే ఉంటే ఏదో ఒకటి అనాలి కదా. రెండింటిదాకా డ్యూటీలో ఉన్నానని అబద్ధం చెప్పేను. నా జన్మలో ఆడిన పెద్ద అబద్ధం అదే."

కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఈ మనిషికి తెలుసు. తెలిసే నెలనెలా నాకు గిన్నె అందించారు. నేనేమో వణికి చచ్చాను. ఈ సంగతి పాతికేళ్ళ కిందట చెప్పి ఉంటే ఏం పోయేది? మగాళ్ళకి దేవుడి గురించి తెల్లవార్లూ మాట్లాడమంటే నోరొస్తుంది, పెళ్ళాంతో ఒక్క మాట చెప్పమంటే రాదు.

మా ఆయన స్నేహితుడి వైపు తిరిగారు. గొంతు పెంచలేదు.

"ఒరే హార్వే. నీ చేతి బాప్తిస్మాన్ని నేను ముప్పై నాలుగేళ్ళు ఒప్పుకున్నాను. సత్యని మళ్ళీ మునగమనలేదు. నా చేత్తో దానికి ప్రభువు బల్ల ఇచ్చేను. నా కూతురు తీసుకున్న బాప్తిస్మాన్ని నువ్వు ఒప్పుకోలేవా?"

హార్వే అన్నయ్య దగ్గర ప్రతి ప్రశ్నకీ లేఖనం ఉంటుంది, అధ్యాయం ఉంటుంది, అధ్యాయంలో లైను ఉంటుంది. దీనికి మాత్రం ఎదురు ప్రశ్న వేశాడు.

"అంటే నా మాట సరైనదేనని ఒప్పుకుంటన్నావా?" అన్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది.

"ఛ. తప్పే. ఇప్పటికీ తప్పే అంటాను. నువ్వు ఒక్క పేరే పిలిచేవు. అయినా ముగ్గురూ వచ్చేరు."

"వచ్చింది ఒక్కడే," అన్నాడు అన్నయ్య.

ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో నాకు తెలియదు. కళ్ళల్లో నీళ్ళు, మూతి మీద నవ్వు, ముసలి దొంగలిద్దరూ. నేను టీ పెట్టడానికి లేచాను. ఆ ఖాళీ లైనులో ఇద్దరు పాస్టర్ల పేర్లూ రాయిస్తే సరి అనుకుంటూ అల్లం దంచాను.

టీలు పట్టుకొచ్చేసరికి నవ్వు లేదు. అన్నయ్య కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు.

"జెన్నీ మునగక్కర్లేదు," అన్నాడు. "నేను ఒప్పుకుంటన్నాను. కాని మా సంఘంలో ఈ మాట ఎలగ చెప్పను జోజీ? ఆ నియమం పెట్టిందే నేను."

"పెట్టినవాడివి తీసీయి."

"దుర్గారావు గుర్తున్నాడా? చరోదాలో లోకోషెడ్డు దుర్గారావు."

మాకు గుర్తున్నాడు. రెండేళ్ళ కిందట ఆయన కూతురు అరుణజ్యోతికి హార్వే వాళ్ళ సంఘంలో కుర్రాడితో సంబంధం కుదిరి, తర్వాత చెడిపోయింది. ఎందుకు చెడిందో మేము అడగలేదు.

"ఆ పిల్ల మళ్ళీ మునగనంది. మా అమ్మ చచ్చిపోయేముందు ఒడ్డున కూర్చుని చూసిన బాప్తిస్మం అంకుల్, దాన్ని కాదనలేను అంది. నా గుమ్మంలో నిలబడి ఏడ్చింది. దుర్గారావు చేతులు పట్టుకున్నాడు. నేనేం చేసేనో తెలుసా? లేఖనం తీసి చదివి వినిపించేను. కుర్రాడి వాళ్ళు వెనక్కి తగ్గిపోయేరు." గ్లాసు అందుకుని మళ్ళీ కింద పెట్టేశాడు. "ఇప్పుడు నా కొడుకు దగ్గరికొచ్చేసరికి నియమం తీసీస్తే, ఆ పిల్లకి నేనేటి సమాధానం చెప్పాలి?"

టీ చల్లారిపోతోంది. ఎవరూ తాగలేదు. నాకు అన్నయ్య మీద జాలి వేసింది, ఆ పిల్లని తలుచుకుంటే అదే మనిషిని దులిపేయాలనీ అనిపించింది. రెండూ నిజమే.

మా ఆయన లేచి లోపలికి వెళ్ళారు. చొక్కా మార్చుకుని, స్కూటర్ తాళం పట్టుకుని వచ్చారు.

"పద," అన్నారు.

"ఎక్కడికి?"

"చరోదా. ముందు ఆ ఇంట్లో క్షమాపణ అడుగు. తర్వాత సంఘంలో చెప్పొచ్చు."

"ఇప్పుడే? ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"ఉన్న మొహమే. నేనూ వస్తన్నాను కదా, వెనక కూర్చో."

వెళ్ళారు. హెల్మెట్ పెట్టుకోమంటే వినలేదు. వీధి మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడి చూశాను. హార్వే అన్నయ్య వెనక కూర్చుని మా ఆయన భుజం మీద చెయ్యి వేసుకున్నాడు. నెల రోజుల తర్వాత నా ఛాతీ మీంచి బరువు దిగింది. ప్రూఫ్ తీసుకుని ఆ ఖాళీ లైను మీద పెన్సిలుతో ఇద్దరి పేర్లూ పట్టేలా గీత కూడా గీశాను.

అప్పుడు ఫోన్ మోగింది. జెన్నీ.

"మమ్మీ, డాడీ ఫోన్ ఎత్తట్లేదు."

"బండి మీద ఉన్నారమ్మా. నువ్వెక్కడ? తొందరగా రా, నీకో మంచి మాట చెప్పాలి. నువ్వింక మునగక్కర్లేదు, మీ మామయ్య ఒప్పుకున్నాడు."

అటు నుంచి సంతోషం వినిపించలేదు. దూరంగా ఏదో గూడ్సు బండి కూత వినిపించింది.

"నేను చరోదాలో ఉన్నాను మమ్మీ. జ్యోతి దీదీ వాళ్ళింట్లో. పొద్దున్నుంచీ ఇక్కడే. నాకంటే ముందు ఈ ప్రాబ్లమ్ ఆమెకే వచ్చింది కదా, పూఛ్‌నే ఆయీ థీ, అడుగుదామని వచ్చాను."

"మంచిదే కదమ్మా. అక్కడే ఉండు, డాడీ వాళ్ళు..."

"నువ్వు సున్‌ లో పహలే, ముందు విను," అంది. అది ఏడవడం లేదు. ఏడుస్తుంటే నాకు భయం వేసేది కాదు. "తన సంబంధం చెడినప్పుడు జ్యోతి దీదీ హార్వే అంకుల్ గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే ఇమ్మాను అక్కడే ఉన్నాడంట. అంకుల్ పక్కనే, కుర్చీలో. దీదీ అతని వైపు చూసిందంట, ఒక్క మాట చెప్పు భయ్యా అని. అతను తల దించుకుని ఫోన్ చూసుకున్నాడంట మమ్మీ."

"జెన్నీ..."

"నెల నుంచీ నా గురించి గొడవ అవుతోంది. డాడీ మాట్లాడుతున్నారు, అంకుల్ మాట్లాడుతున్నారు. ఇమ్మాను ఏమన్నాడు? చెప్పు. ఒక్క మాటైనా అన్నాడా?"

నేను ఎంత వెతికినా నాకొక్కటీ గుర్తు రాలేదు.

"అంకుల్ ఒప్పుకున్నా నాకొద్దు," అంది మా జెన్నీ. "ఈ పెళ్ళి నేను చేసుకోను."